మూలబంధమును స్త్రీలును

నలువదియైదేండ్లు దాటిన స్త్రీకి దగ్గినప్పుడో, తుమ్మినప్పుడో, నీళ్లబిందె యెత్తినప్పుడో, కడుపార నవ్వినప్పుడో నాలుగు చుక్కల మూత్రము జాఱుట మన యిండ్లలో అరుదైన సంగతి కాదు. దానిని గుఱించిన మాట మాత్రము చాల అరుదు. తలనొప్పికి, కీళ్లవాతమునకు, అజీర్ణమునకు వాడుకలో పేళ్లున్నవి; ఈ బాధకు పేరు లేదు. "ఆపుకొనలేకున్నాను" అని తల్లి కూతురితో ననుట కద్దు, అదియు నెన్నడో యొకనాడు. పెండ్లికి పోవలసిన దినమున ఉదయమునుండి మంచినీళ్లు ముట్టకుండుట, బస్సులో దిగు వాకిలి ప్రక్కనే చోటు వెదకుకొనుట, ముదురురంగు చీరలనే కట్టుట, దేవాలయమునకు రమ్మనిన నేదో సాకు చెప్పి మానుకొనుట — పేరులేని యా బాధకు ఇవియే గుర్తులు. భర్తకు తెలియదు, కోడలికి చెప్పరాదు, వైద్యుని యెదుట నోరు పెగలదు. వయస్సు మీఱినది, ఇంతియే యని సరిపెట్టుకొందురు.

సరిపెట్టుకొనవలసిన బాధ కాదిది. దీనికి వెలలేని వ్యాయామ మొకటి కలదు. ఆ వ్యాయామమునకు మూలమైన కండరపు బిగింపు మన దేశమున శతాబ్దుల క్రిందటనే పేరుపొందియున్నది. అయినను నెల్లూరు తీరమున చేపల గంప మోయు స్త్రీకి గాని, పెన్న కాలువల క్రింద నాట్లు వేయు స్త్రీకి గాని, పత్రికలు చదువు మన యిండ్లలోని స్త్రీకి గాని అది చేరలేదు. ఎందుచేత చేరలేదో, దానికి మాఱుగా నేమి చేరినదో విచారించుట యీ వ్యాసమునకు పని.

మొదట శరీరధర్మము నించుక తెలిసికొనవలెను. బడులలో మేము బోధించు పాఠములలో భుజపు కండరము, తొడ కండరము, గుండె కండరము వచ్చును. ఈ కండరము రాదు. కటివలయపు టెముకల నడుమ అడుగుభాగము ఎముకతో మూయబడి యుండదు. ముందునున్న జఘనాస్థి మొదలు వెనుకనున్న తోకయెముక వఱకు కండరముల పొర యొకటి ఉయ్యాల జోలెవలె వ్రేలాడుచు మూత్రాశయమును, గర్భాశయమును, పెద్దప్రేగు కడపటి భాగమును మోయుచుండును. మూత్రద్వారము, యోనిద్వారము, మలద్వారము ఈ జోలెనుండియే బయటికి దారితీయును. మనము దగ్గినపుడు కడుపులోని యొత్తిడి ఒక్క పెట్టున క్రిందికి దిగును; బలముగల జోలె ఆ క్షణముననే బిగిసి మూత్రనాళమును అదిమిపట్టును. కాన్పులో శిశువు తల యీ జోలెను ఎంతో సాగదీయును, నరములు నలుగును, ఒక్కొక్కప్పుడు కండరము ఎముకనుండి ఊడివచ్చుటయు కలదు. ప్రాయమున నున్నన్నాళ్లు ఆ లోటు పైకి కనబడకపోవచ్చును. ముట్లుడుగు కాలమున ఈస్ట్రొజెను తగ్గుటచే మూత్రనాళపు లోపొర పలుచబడును. వయస్సుతో కండరమును క్షీణించును. ఇరువదవ యేటి కాన్పు చేసిన అప్పు నలువదియెనిమిదవ యేట తీర్పుమని తలుపు తట్టినట్లుండును.

సుశ్రుతుడు స్త్రీలకు రజస్సు పండ్రెండవ యేట మొదలై ఏబదియవ యేట క్షయించునని చెప్పెను. ఆ లెక్క నేటికిని పెద్దగా తప్పలేదు. కాని తెలుగునాట పెక్కుమందికి ఏబది రాకముందే, ప్రకృతి ప్రమేయము లేకయే, అది క్షయించుచున్నది. ఆ కారణము ముందు వచ్చును.

మూత్రము జాఱుట యంతయు నొక్క తీరు కాదు. దగ్గు, తుమ్ము, బరువెత్తుట మొదలగు నొత్తిడిచే జాఱునది యొకటి. పోవలెనను తలపు పుట్టినంతనే, దొడ్డికి చేరులోపలనే జాఱునది రెండవది. మూత్రాశయము వేళకానివేళ తనంత ముడుచుకొనుట దీనికి కారణము. రెండును కలసిన వారును కలరు. ఇచట చెప్పు వ్యాయామము మొదటిదానికి ప్రధానచికిత్స, రెండవదానికి సాయము.

ఇక మన గ్రంథముల మాట. 15వ శతాబ్దివాడని పండితులు తలచు స్వాత్మారాముడు హఠయోగప్రదీపిక యందు మూడవ యుపదేశమున ముద్రలను చెప్పుచు మూలబంధమును వర్ణించెను. మడమతో గుహ్యమునకును గుదమునకును నడిమి చోటును నొక్కి, గుదమును లోనికి ముడిచి, క్రిందికి పోవు స్వభావముగల అపానవాయువును బలవంతముగా పైకి లాగుట దాని లక్షణము. దానిని విడువక సాధించువానికి మలమూత్రములు తగ్గుననియు, ముసలివాడును పడుచువాడగుననియు ఫలము చెప్పబడినది. ఘేరండసంహితలో అశ్వినీముద్ర యని మఱియొకటి యున్నది. గుఱ్ఱము చేయునట్లు గుదమును మాటిమాటికి బిగించి వదలుటయే అది. ఈ రెండింటియందును పని చేయునది మనము పైని చెప్పుకొన్న జోలెయే.

ఇంతమాత్రమున నేటి వైద్యమంతయు మన పూర్వులు ముందే కనిపెట్టిరని చాటువారి గుంపులో నేను చేరను. స్వాత్మారాముని దృష్టి కుండలినిపై నున్నది, కాన్పుపై లేదు. వజ్రోళీముద్రా ప్రసంగమున యోగినియను మాట వచ్చును గాని, పిల్లలను కని నడుము సడలిన ఇల్లాలు ఆ గ్రంథమున నెచటను కానరాదు. పైగా ఈ విద్యలను పెట్టెలోని రత్నమువలె దాచవలెనని ఆ గ్రంథమే మాటిమాటికి హెచ్చరించును. దాచిన విద్య గురువునుండి శిష్యునికి, మగవానినుండి మగవానికి, అరణ్యమునుండి మఠమునకు నడచినది. ఇల్లాలి బాధయు దాచబడినదే. ఒక రహస్యము మఱియొక రహస్యమును కలిసికొనుటెట్లు?

ఆయుర్వేదమున స్త్రీ కనబడును. చరకుడు ఇరువది యోనివ్యాపత్తులను లెక్కించి, చమురుతో మెత్తపఱచుట, కాపడము, వస్తి, తైలమున తడిపిన దూదిని లోన నుంచుట మొదలగు చికిత్సలను చెప్పెను. స్థానము తప్పి జాఱిన గర్భాశయమును లోనికి నెట్టి నిలుపుటను గూడ ఎఱుగును. ఇవి యన్నియు ఇతరులు చేయు పనులు. రోగియే తన కండరమును తాను బిగించి బలపఱచుకొనవచ్చునను ఉపదేశము ఆ ప్రకరణమున నాకు కనబడలేదు. యోగుల యొద్ద వ్యాయామ మున్నది, రోగి లేదు. వైద్యుల యొద్ద రోగి యున్నది, వ్యాయామము లేదు. ఇక మంత్రసానుల యాచారము: బాలింతకు వేడినీళ్లు పోయుట, కాయము తినిపించుట, నడుమునకు బిగువుగా గుడ్డ చుట్టుట. ఆ గుడ్డ పొట్టకే గాని అడుగున సాగిన జోలెకు ఏ కట్టును లేదు.

19వ శతాబ్ది కడపట సంఘసంస్కరణము వచ్చినది. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము చేయించిన వీరేశలింగముగారు 1883లో స్త్రీలకొఱకే సతీహితబోధిని యను పత్రికను నడపిరి. మద్రాసున ఎగ్మూరు ప్రసూతి వైద్యశాల 1844నుండి యున్నది. అచటి వైద్యకళాశాలలో 1875లో మేరీ షార్లీబు మొదలగు స్త్రీలు చేర్చుకొనబడిరి. 1885లో గోషా స్త్రీలకని వేఱు వైద్యశాల వెలసినది. నెల్లూరులో అమెరికను బాప్టిస్టు మిషనువారి స్త్రీల వైద్యశాల ఏర్పడి, మగ వైద్యునికి చేయి చూపని కుటుంబముల స్త్రీలకు దారి తెఱచినది. 1923లో పొణకా కనకమ్మగారు ఆ పట్టణముననే కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించిరి. 1929లో శారదాశాసనము బాలికల వివాహవయస్సును 14 ఏండ్లకు పెంచినది.

ఈ మహాకార్యములను తక్కువచేయుట నా యుద్దేశము కాదు. కాని సంస్కర్తల మనస్సులోని స్త్రీ యెవరు? పసి పెండ్లికూతురు, బాలవితంతువు, పురిటిమంచముపై ప్రాణములు విడుచుచున్న పదునైదేండ్ల తల్లి. వారు చచ్చుచుండిరి గనుక వారినే మొదట చూచుట న్యాయము. ముట్లుడిగిన స్త్రీ చచ్చుట లేదు; ఇల్లు నడపుచున్నది. ఆమెను గుఱించి యెవరును వ్యాసము వ్రాయలేదు, సభలో తీర్మానము చేయలేదు.

ఇందొక విపరీతము కలదు. ఆచారము పాటించు కుటుంబములలో ముట్లుడుగుట స్త్రీకి ఒక పదవీలాభము. నెలకు మూడు దినములు బయట కూర్చుండు నిర్బంధము తీఱును. మడి కట్టుకొని నైవేద్యము వండుటకు, తద్దినపు వంటకు ఆమెయే ముఖ్యురాలగును. ఇంటిలో తుదకు దొరకిన యా గౌరవమును సరిగా ఆ వయస్సుననే మూత్రము చుక్కలు వచ్చి పాడుచేయును. తడిసిన చీర తడిసినదని యెట్లు చెప్పును? చెప్పిన మడి పోవును. చెప్పకున్న పాపభయము. ఈ రెంటి నడుమ నలిగిన పెద్దముత్తైదువలు, పూర్వసువాసినులు ఎందరో మన లెక్కకు రారు.

ఈ స్త్రీని కొంతవఱకైనను పలుకరించినది ఒక సీసా. దాని కథ చెప్పదగినది. కోట నరసింహ కేసరిగారు 1875లో ఒంగోలు దగ్గఱి ఇనమనమెళ్లూరులో జన్మించిరి. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినపుడు అందు చేరినది. పేదయింటి పిల్లవాడు చిన్నతనముననే మద్రాసు చేరి, కష్టపడి వైద్యము నేర్చి, కేసరి కుటీరమును స్థాపించి స్త్రీలకొఱకు లోధ్ర యను ఔషధమును తయారుచేసెను. లోధ్రయనగా మన లొద్దుగచెట్టు. దాని పట్ట వగరు. అధికరక్తస్రావమునకు, తెల్లబట్టకు ఆయుర్వేదమున ప్రసిద్ధము. ఆ మందువలన వచ్చిన ధనముతో ఆయన 1928లో గృహలక్ష్మి యను స్త్రీల మాసపత్రికను స్థాపించెను. రచయిత్రులకు స్వర్ణకంకణము తొడిగి సన్మానించెను. తన బాల్యమును చిన్ననాటి ముచ్చట్లు అను పుస్తకమున వ్రాసికొనెను. 1953లో కీర్తిశేషుడయ్యెను. స్త్రీల దేహబాధను బజారులో పేరుపెట్టి పిలిచి, ఆ వచ్చిన సొమ్ముతో స్త్రీలచేత కలము పట్టించిన యీ తీరవాసి మనకు గౌరవనీయుడు.

ఆ సీసా అంతగా వ్యాపించుటకు కారణ మేమని ఆలోచింపగా నాకు తోచిన దిది. సీసాకు మాటతో పని లేదు. "ఆ ఆడవాళ్ల మందు తెప్పించండి" అన్న చాలును. ఏ యంగము, ఏ బాధ యని భర్త అడుగడు, భార్య చెప్పదు. వ్యాయామ మట్లు కాదు. ఎచట బిగింపవలెనో ఒక స్త్రీ మఱియొక స్త్రీకి నోరు తెఱచి చెప్పవలెను. విన్న స్త్రీ మరల అడుగవలెను. మింగుట సులభము, మాటలాడుట కష్టము. వగరు మందు స్రావమునకు పనిచేసిన చేయవచ్చును గాని సడలిన కండరమును ఏ కషాయమును బిగింపజాలదు.

సముద్రమున కావలి యొడ్డున ఈ కథ వేఱుగా నడచినది. అచటి ఆధునిక వైద్యము మొదట కత్తినే నమ్మెను. కాన్పు దినములకొలది అడ్డుపడి మూత్రాశయమునకును యోనికిని నడుమ రంధ్రము పడిన స్త్రీలకు 1840లలో అలబామా రాష్ట్రమున మేరియన్ సిమ్సు శస్త్రము కనుగొనెను; కనుగొనుటకు అతడు బానిసస్త్రీలను మత్తుమందు లేకయే మరల మరల కోసెను. వారిలో అనార్కా యను నామె ఒక్కతెయే సుమారు ముప్పది మాఱులు ఆ బల్లపై పండుకొనవలసి వచ్చినది. న్యూయార్కు నగరోద్యానముననున్న అతని విగ్రహమును 2018లో తీసివేసిరి. రంధ్రము లేక, కేవలము సడలుటచే జాఱు మూత్రమునకు గూడ 20వ శతాబ్ది మొదటి భాగమున కుట్లే మందు.

వ్యాయామపు తలపు శస్త్రవైద్యులకంటె ముందు నాట్యము నేర్చిన యొక స్త్రీకి తోచుట గమనింపదగినది. ఇంగ్లండున నర్తకియై, తరువాత దేహవ్యాయామచికిత్స నభ్యసించిన మార్గరెట్ మారిస్ 1936లో ప్రకటించిన పుస్తకమున బాలింతలకు ఈ కండరములను బిగించి వదలు అభ్యాసము చెప్పెను. 1948లో అమెరికాలోని లాస్ ఏంజలీసున స్త్రీవైద్యుడైన ఆర్నాల్డు కెగెల్ దానిని శాస్త్రమార్గమున పెట్టెను. అతని గొప్పతనము బిగింపును కనిపెట్టుటలో లేదు. దానిని కంటికి చూపుటలో నున్నది. గాలి నింపిన చిన్న రబ్బరు గొట్టమును లోన నుంచి, దానిని ఒత్తిడి చూపు గడియారమునకు తగిలించెను. స్త్రీ బిగించినపుడు ముల్లు కదలును. తాను చేయుచున్నది సరియో కాదో ఆమెకే తెలియును. వారము వారమునకు ముల్లు మఱికొంత పైకెక్కుట చూచి ఆమెకు ఉత్సాహము కలుగును. మల్లయోధుడు బరువు పెంచుచు భుజము పెంచునట్లు, ఈ కండరమును గూడ పెంచవచ్చునని అతడు రుజువుచేసెను. అందుచే ఆ వ్యాయామము నేడు లోకమంతట అతని పేరనే చెల్లుచున్నది.

అటుపిమ్మట డెబ్బదియేండ్ల పరీక్షలు జరిగినవి. పెక్కు పరిశోధనలను కూర్చి తూచు కాక్రేను సంస్థవారు 2018లో ప్రకటించిన సమీక్షలో, ఒత్తిడిచే మూత్రము జాఱు స్త్రీలలో ఈ వ్యాయామము చేసినవారు నూటికి 56 మంది బాధ తీఱినదనిరి. చేయనివారిలో అట్లు చెప్పినవారు నూటికి 6గురు. 2019నాటి ఇంగ్లండు దేశపు వైద్యమార్గదర్శి, శస్త్రమును తలపెట్టుటకు ముందు మూడు నెలలకు తక్కువ కాకుండ, దినమునకు మూడు మాఱులు, మాఱునకు ఎనిమిది బిగింపులకు తక్కువ కాకుండ ఈ యభ్యాసము చేయింపవలెనని నిర్ణయించినది.

మన నేలకు వత్తము. కెగెల్ పేరు మన నగరములలోని పెద్ద వైద్యశాలలకు వచ్చినది. పల్లెకు వచ్చినది వేఱు. 2015–16 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2గా నుండగా, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9గా తేలిరి. దేశమున నిదియే మొదటి స్థానము. దేశముమీద ఈ శస్త్రములలో మూడింట రెండువంతులు ప్రైవేటు వైద్యశాలలలో జరిగినవి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకము బీదలకు ఎన్నో ప్రాణదానములు చేసినది. దాని చాటున అనవసరముగా గర్భసంచులు తీయుచున్నారను విమర్శయు అపుడే పుట్టినది. అధికరక్తస్రావము, తెల్లబట్ట, నడుమునొప్పి, క్యాన్సరు వచ్చునను భయము — కారణములు పెక్కు. వానిలో కొన్ని సరియైన కారణములే. కాని "క్రింది బాధ" యని స్త్రీ నసుగుచు చెప్పిన మాటలో రక్తమున్నదో, మూత్రమున్నదో, జాఱిన సంచి యున్నదో తేల్చి అడుగు ఓపిక యెవరికి? పిల్లలు పుట్టుట ముగిసినది గదా, ఆ సంచితో నిక నేమి పని, తీసివేసిన పీడ పోవును — ఈ వాదము వైద్యునికంటె ముందు ఇరుగుపొరుగు అమ్మలక్కల నోటనే వినవచ్చును.

పీడ పోదు. మూత్రమును ఆపునది గర్భసంచి కాదు. 2007లో స్వీడను దేశమునుండి వెలువడిన పెద్ద పరిశీలనలో, గర్భసంచి తీయించుకొన్న స్త్రీలకు తరువాతి కాలమున మూత్రము జాఱుటకై మరల శస్త్రము చేయించుకొనవలసిన యవసరము ఇతరులకు రెట్టింపునకు పైగా కనబడినది. సంచితో పాటు అండాశయములను గూడ తీసివేసినచో ఆనాటినుండియే ముట్లుడిగిన స్త్రీ యగును; ముప్పదియైదేండ్ల కూలిమనిషికి ఏబదియేండ్ల దేహము వచ్చును. తెలుగునాట రజస్సు ముందుగా క్షయించుటకు పైని చెప్పెదనన్న కారణ మిదియే. 2023లో సుప్రీముకోర్టు అనవసరపు గర్భసంచి శస్త్రములను అరికట్టుటకు కేంద్రప్రభుత్వ నియమములను రాష్ట్రములు అమలుపఱుపవలెనని ఆదేశించినది. మంచిదే. అయితే కత్తి వలదని చెప్పిన మాత్రమున బాధ పోదు గదా. దానికి మాఱుగా నేమి చేయవలెనో చెప్పువారు గూడ ఉండవలెను.

నెల్లూరు తీరమున ఈ మాట మఱింత అవసరము. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నము పొడుగున పట్టపు కులముల స్త్రీలు చేపల గంపలు నెత్తిన మోయుదురు. ఉప్పుమళ్లలో నుప్పు మోయుదురు. లోపలి పల్లెలలో నడుము వంచి నాట్లు వేయుదురు. బరువెత్తిన ప్రతిమాఱును ఆ యొత్తిడి యంతయు జోలెపైననే పడును. కట్టెల పొయ్యి పొగచే పట్టిన దగ్గు దానికి తోడు. మఱుగు లేని పొలములో పగలెల్ల నీరు త్రాగక బిగబట్టుకొనుట అలవాటు. నీరు తగ్గించిన బాధ తగ్గునని వారనుకొందురు. చిక్కబడిన మూత్రము మూత్రాశయమును రేపి మఱింత తొందరపెట్టును, అంటుజాడ్యములకును దారి చూపును.

సిగ్గుచే నీ మాట యెన్నటికిని బయటికి రాదని నిరాశపడుటకు వీలులేని చరిత్ర యీ జిల్లాకే కలదు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము నడచినపుడు, రాత్రిబడి వాచకములో సీతమ్మ కథ యను పాఠము వచ్చినది: త్రాగుబోతు భర్తగల స్త్రీ కథ. దానిని కూడబలుకుకొని చదివిన స్త్రీలు ఇది మన కథయే యనిరి. అంతవఱకు ఇంటి గుట్టుగా దాచిన దెబ్బలు, ఆకలి, అప్పు బడిలో మాటలైనవి. దూబగుంట స్త్రీలు సారాదుకాణము మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట ప్రాకి 1993 అక్టోబరు 1నుండి సారా నిషేధమునకు కారణమైనది. భర్త కొట్టుటను నలుగురిలో చెప్పగలిగినవారు దగ్గితే మూత్రము జాఱునని తోడి స్త్రీలలో చెప్పలేరా? వారికి కావలసినది ఒక పాఠము. పొదుపు సంఘములు నేడు ప్రతి పల్లెలో నున్నవి. 2005 తరువాత వచ్చిన ఆశా కార్యకర్త ఇంటింటికి పోవును. ఆమె చూపు గర్భిణి మీదను, పసిబిడ్డ టీకా మీదను నిలిచియున్నది. అదే గడపలో కూర్చున్న అత్తగారిని గూడ ఒక ప్రశ్న అడిగిన చాలును.

అభ్యాసక్రమమును చెప్పక విడిచిన యీ వ్రాత వ్యర్థము. పండుకొని గాని కూర్చుండి గాని మొదలిడవచ్చును. అపానవాయువును ఆపుకొనునట్లును, అదే క్షణమున మూత్రధారను ఆపుకొనునట్లును, లోపలి కండరమును బిగించి పైకి లాగవలెను. పిఱుదులు, తొడలు, పొట్ట కదలరాదు. ఊపిరి మామూలుగా ఆడుచుండవలెను. మూలబంధమును గ్రంథము ననుసరించి కుంభకముతో చేయువారికిని మన స్త్రీలకును ముఖ్యభేద మిచటనే యున్నది, ఊపిరి బిగించిన ఒత్తిడి క్రిందికే దిగును. మూడు నాలుగు లెక్కించునంతసేపు పట్టి, అంతసేపే పూర్తిగా వదలవలెను. దినములు గడచిన కొలది పది లెక్కించువఱకు పెంచవలెను. ఎనిమిది మొదలు పది బిగింపులు ఒక వరుస. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి మూడు వరుసలు. తరువాత వెంటవెంటనే బిగించి వదలు చిన్న బిగింపులు కొన్ని. దగ్గు వచ్చుచున్నదని తెలిసినపుడు, బిందెకు వంగినపుడు, ఒక క్షణము ముందే బిగించి యుంచుట అలవాటు చేసికొన్నచో ఆ క్షణపు జాఱుడు అప్పుడే తగ్గుట పెక్కుమంది చూచినదే. మూత్రము పోయునపుడు మధ్యలో ఆపి చూచుట కండరమును గుర్తుపట్టుటకు ఒకటి రెండు మాఱులు చాలును. దానినే అభ్యాసముగా పెట్టుకొనరాదు, మూత్రాశయము పూర్తిగా ఖాళీ కాకుండు ప్రమాదము కలదు.

చదివి చేసిన చాలునా యందురేమో. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు నోటిమాటగా మాత్రమే చెప్పి చేయించి పరీక్షింపగా, సుమారు సగము మందియే సరిగా బిగించిరి. నాలుగవవంతు మంది పైకి లాగుటకు బదులు క్రిందికి ముక్కుచు, బాధను పెంచు పనియే చేసిరి. కెగెల్ గడియారములోని ముల్లు చేసిన పని ఇదే. కావున మొదటిమాఱు స్త్రీవైద్యురాలు గాని, శిక్షణపొందిన నర్సు గాని వ్యాయామచికిత్సకురాలు గాని పరీక్షించి సరిచూచుట మేలు. ఒకసారి తెలిసిన తరువాత ఇంటిలో ఎవరికిని తెలియకుండ, అన్నము వార్చుచునే చేసికొనవచ్చును. ఆఱు వారములకు ముందు ఫలము కనబడలేదని మానరాదు.

కొన్ని గుర్తులు కనబడినపుడు వ్యాయామమునకై కాచుకొని కూర్చుండరాదు. మూత్రములో రక్తము, మంట, జ్వరము. ముట్లుడిగిన తరువాత మరల రక్తస్రావము. యోనిద్వారమున గడ్డవలె ఏదో దిగుట. కష్టమైన కాన్పు పిమ్మట రాత్రింబవళ్లు తెంపులేక కాఱుట. కాళ్లు తిమ్మిరెక్కి హఠాత్తుగా అదుపు తప్పుట — వీనికి వెంటనే వైద్యశాలకు పోవలెను. ముట్లుడిగిన స్త్రీకి లోపొర ఎండి తొందర ఎక్కువైనచో స్వల్పమాత్రలో ఈస్ట్రొజెను లేపనమును వైద్యురాలు ఇయ్యవచ్చును. మూడు నెలలు సరిగా చేసినను మార్పు లేనివారికి శస్త్రమును కలదు. అది మూత్రనాళమునకు ఆనిక కట్టు శస్త్రము, గర్భసంచి తీయునది కాదు. వైద్యుడు ఆ రెంటిలో దేనిని చెప్పుచున్నాడో కాగితముపై సంతకము పెట్టుటకు ముందు ఇంటివారు అడిగి తెలిసికొనవలెను.